402 మీటర్ల కారుకు ఎంత డబ్బు, ఎంత కాలం?

డ్రాగ్ రేసు కోసం సొంతంగా కారు తయారు చేసుకోవాలంటే ఎంతవుతుందని తిరుపతిలో నన్ను అడిగే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. "అన్నా, ఇంజన్‌కు ఎంత పెట్టినావు?" అన్నదే దాదాపు అందరి మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పడం కష్టం కాదు. కానీ ఇంజన్ ఖర్చు ఒక్కటే చెప్పి ఊరుకుంటే వాళ్లను తప్పుదారి పట్టించినట్లవుతుంది. ఇంజన్‌కు ఒక రూపాయి పెడితే, ఆ ఇంజన్ శక్తిని నేలకు అందించడానికి, నడిపేవాడి ప్రాణం కాపాడడానికి, బండిని ట్రాకు దాకా చేర్చడానికి రెండు రూపాయలకు పైనే పెట్టవలసి వస్తుందన్నది నా అనుభవం. ఈ లెక్క ముందుగా వేసుకోక, డబ్బంతా ఇంజన్ దగ్గరే అయిపోయి, షెడ్డు మూలన టార్పాలిన్ కింద నిలిచిపోయిన కార్లను ఆటోనగర్‌లో కళ్లారా చూశాను. అందుకే నాకు తెలిసిన లెక్కను దాచకుండా రాస్తున్నాను.

డ్రాగ్ రేసు అంటే పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని దారిలో రెండు బండ్లు పక్కపక్కన ఆగి ఉన్న స్థితి నుంచి బయలుదేరి ఎవరు ముందు గీత దాటతారో చూసే పోటీ. అమెరికాలో 1951లో ఏర్పడిన డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దీనికి నియమాలు, తరగతులు ఏర్పరిచింది. అక్కడి అన్నిటికంటే వేగమైన తరగతి, టాప్ ఫ్యుయెల్ బండ్లు, నైట్రోమీథేన్ అనే రేసు ఇంధనం తాగి పదివేల హార్స్ పవర్‌కు పైగా శక్తినిస్తాయి; ఒక్క పరుగు కాగానే వాటి ఇంజన్‌ను విప్పి మళ్లీ కట్టవలసిందే. మనం మాట్లాడుకునేది ఆ లోకం గురించి కాదు. మన దేశంలో మోటారు క్రీడలను నడిపే సంఘమైన ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ నియమాల కింద జరిగే పోటీలలో, పాత మారుతీనో హోండానో మార్చుకుని నిలబడగలిగే మధ్యతరగతి మనిషి లెక్క ఇది.

రూపాయల లెక్కకు ముందు బరువుకు, శక్తికి ఉన్న లెక్క తెలియాలి. పావు మైలు దాటే కాలం, బండి బరువును ఇంజన్ శక్తితో భాగిస్తే వచ్చే సంఖ్య యొక్క ఘనమూలాన్ని అనుసరించి మారుతుందని ఈ రంగంలో ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. ఘనమూలం అన్న మాటలోనే మన జేబుకు సంబంధించిన సంగతంతా ఉంది. కాలాన్ని సగం చేయాలంటే శక్తిని రెట్టింపు చేస్తే చాలదు, ఎనిమిది రెట్లు చేయాలి. 17 సెకన్లలో దాటే బండిని 13 సెకన్లకు తేవాలంటే శక్తికీ బరువుకూ ఉన్న నిష్పత్తి సుమారు 2.2 రెట్లు పెరగాలి. మనిషితో కలిపి 945 కిలోలు తూగే, 85 హార్స్ పవర్ ఇచ్చే కారునే తీసుకుంటే, బరువు ముట్టుకోకుండా ఆ పని చేయడానికి 190 హార్స్ పవర్ కావాలి. 150 కిలోలు తీసివేస్తే 160 సరిపోతుంది. ఆ చివరి 30 హార్స్ పవర్‌ను ఇంజన్‌లో కొనాలంటే లక్షలు కావాలి. బరువు తీయడానికి సుత్తి, ఉలి, పానాలు, కొన్ని ఆదివారాలు చాలు.

నేను ఎంచుకున్నది పాత మారుతీ ఎస్టీమ్. 1994 నుంచి దాదాపు పదమూడేళ్లు అమ్ముడైన కారు కావడం వల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, బండి బరువు తొమ్మిది వందల కిలోల లోపే ఉంటుంది, పదహారు వాల్వుల ఇంజన్ 85 హార్స్ పవర్ దాకా ఇస్తుంది, దాన్ని విప్పి కట్టడం తెలియని మెకానిక్ మా జిల్లాలో లేడు. ఎనభై వేల రూపాయలకు కదిలే బండి దొరికింది. కొనేటప్పుడు ఇంజన్ ఎలా ఉందన్నది నేను అసలు పట్టించుకోలేదు, ఎలాగూ విప్పేదే. బాడీ తుప్పు పట్టిందా, ముందు ఛాసిస్ కమ్మీలు ఎప్పుడైనా గుద్దుకుని సాగదీసినవా, సస్పెన్షన్ బిగించే చోట్ల రేకు చీలిందా అన్నవే కింద పడుకుని టార్చి వేసి చూసుకున్నాను.

ఇక్కడే చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 189వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా బహిరంగ స్థలంలో పందెం పెట్టడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. కాబట్టి ఇలా మార్చిన కారు రోడ్డెక్కకూడదు. బైపాసులో అర్ధరాత్రి ఒక్కసారి చూసుకుందామనే ఆలోచన ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపవచ్చు. ఆ దారిలో కొండకు నడిచి వెళ్లే భక్తులుంటారు, పాల బండ్లుంటాయి, పశువులుంటాయి. నా మాటను దయచేసి గట్టిగానే తీసుకోండి.

మొదటి పని విప్పడం. సీట్లు, తలుపుల అట్టలు, పైకప్పు గుడ్డ, ఏసీ కంప్రెసరు, కండెన్సరు, స్టెప్నీ, వెనక సీటు కింది ఇనుము అన్నీ బయటికి వస్తాయి. అన్నిటికంటే ఓపిక కావలసింది నేల మీద చప్పుడు రాకుండా కంపెనీ అంటించిన తారు షీట్లను తీయడం. మేము ఎండాకాలంలో మొదలుపెట్టడంతో అవి మెత్తబడి, ఉలికి, చేతులకు, చొక్కాలకు అంటుకుని ఒక పట్టాన ఊడలేదు. డ్రై ఐస్ తెప్పించి పరిచి, పది నిమిషాలు ఆగి సుత్తితో కొడితే పెంకులుగా పగిలి వచ్చాయి. ఒక్కొక్క ముక్కను తూకం వేసి పలక మీద రాసి పెట్టాం. బండి నుంచి తీసిన ప్రతి వస్తువునూ తూచి రాసుకోవడం మంచి అలవాటు. రోల్ కేజి, అంటే బండి బోల్తా పడినా లోపలి మనిషిని కాపాడే గొట్టాల చట్రం, పెట్టాక ముప్పై, నలభై కిలోలు తిరిగి చేరతాయి కాబట్టి, ఎక్కడ ఎంత తగ్గిందో తెలిస్తేనే ఎంత మిగిలిందో తెలుస్తుంది.

ఇక ఇంజన్. ఈ పనికి చిత్తూరులో సిలిండర్లను లోపల తిరిగి కోసి సరిచేసే ఒక పాత రీబోరింగ్ షాపును నమ్ముకున్నాను. ఎస్టీమ్ ఇంజన్ బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5, మొత్తం 1298 సీసీ. అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోరు చేయిస్తే పెరిగేది పద్దెనిమిది సీసీ మాత్రమే. రీబోరు చేస్తే శక్తి పెరుగుతుందని అనుకునేవాళ్లు ఈ సంఖ్యను గుర్తుంచుకోవాలి. రీబోరు చేసేది సిలిండరు తిరిగి గుండ్రంగా, పైనుంచి కిందికి ఒకే కొలతతో ఉండడానికి. మా మేస్త్రీ బోర్ గేజిని సిలిండరులోకి దించి, మూడు ఎత్తులలో, ప్రతి ఎత్తులో రెండు దిక్కులా కొలిచి, ముల్లు కదిలినప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు. "రెండు పాయింట్లే గదా అనుకోవద్దు నాయనా, ఆ రెండు పాయింట్ల దగ్గర్నే గ్యాసు కిందికి పోతాది" అన్నాడు. ఆయన పాయింటు అన్నది మిల్లీమీటరులో నూరో వంతు. సిలిండరు గోడ మీద నూనె నిలవడానికి గీసే హోనింగ్ గీతలు ఏ కోణంలో పడాలో, పిస్టన్ రింగు కొనల మధ్య ఎంత సందు వదలాలో ఆయనకు చేతిలోనే ఉంది. టర్బో, అంటే గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెట్టే పంపు, లేని ఇంజన్‌లో 74 మిల్లీమీటర్ల బోరుకు 0.30 దగ్గర సందు సరిపోతుంది. టర్బో పెడితే వేడికి రింగు ఇంకా సాగుతుంది కనుక 0.40 దాటించాలి. సందు చాలకపోతే కొనలు ఒకదానికొకటి తాకి, సిలిండరు గోడను గీరి, పిస్టన్ అంచును విరిచేస్తాయి. ఒక రింగును ఆకురాయితో కొంచెం అరగదీయడం, సిలిండరులో పెట్టి సందు కొలిచే ఫీలరు గేజితో చూడడం, మళ్లీ అరగదీయడం. నాలుగు సిలిండర్లకూ ఈ పని ఒక రోజంతా పట్టింది. ఆ రోజు ఆయన తీసుకున్న కూలి చూస్తే నాకే తక్కువనిపించింది.

హెడ్డు ఫేసింగ్ చేయించి కంప్రెషన్ పెంచడం, వాల్వు సీట్లు కోయించడం, పోర్టులు నున్నగా చేయించడం, క్యామ్ మార్చడం, కొత్త బేరింగులు, ఆయిల్ పంపు, గాస్కెట్లు, క్రాంకు బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి ఇంజన్‌కు లక్షన్నర అయింది. ఇది టర్బో లేని లెక్క. టర్బో దారి పడితే టర్బో, ఇంటర్‌కూలరు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి రాడ్లు, పెద్ద ఇంజెక్టర్లు చేరి ఇంకో రెండున్నర, మూడు లక్షలవుతుంది. విదేశం నుంచి తెప్పించే భాగానికి సుంకం, దాని మీద జీఎస్టీ, కొరియరు కలిసి అక్కడి వెలకు ఒకటిన్నర రెట్లు పడుతుంది. అంతకన్నా ముఖ్యం, టర్బో ఇచ్చిన శక్తికి ఆ తరువాతి భాగాలన్నీ ఒక్కొక్కటిగా విరగడం మొదలవుతుంది.

ఆ తరువాతి భాగాల సంగతే ఎవరూ అడగరు. ముందు చక్రాలు లాగే కారులో ఒక స్వభావసిద్ధమైన ఇబ్బంది ఉంది. బండి ముందుకు ఉరికినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, అంటే పట్టు అవసరమైన చక్రాల మీదే బరువు తగ్గుతుంది. దాంతో చక్రం ఒకసారి జారి, మరుక్షణం పట్టుకుని, మళ్లీ జారుతూ ఎగిరెగిరి పడుతుంది. అలా పట్టుకున్న క్షణంలో పడే దెబ్బంతా చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు మీద పడుతుంది. మా కారు నుంచి తీసిన ఒక షాఫ్టు ఇప్పటికీ షెడ్డులో ఉంది. దాని కొన మీది పళ్లు నిటారుగా ఉండవలసింది పోయి, పిండిన బట్టలా మెలి తిరిగి ఉన్నాయి. గట్టి ప్రెజర్ ప్లేటు, మెటల్ క్లచ్ ప్లేటు, ఒక చక్రం జారినా రెండో దానికి శక్తి అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, బలమైన షాఫ్టులు, గట్టి ఇంజన్ మౌంటులు కలిపి లక్షా పాతిక వేలయింది. వెనక స్ప్రింగులు గట్టివి వేసి బండి వెనక్కి కూర్చోకుండా చేయడానికి, గాళ్లు తక్కువగా ఉండి నేలను గట్టిగా పట్టే సెమీ స్లిక్ టైర్లకు, తేలిక చక్రాలకు ముప్పావు లక్ష. ఈ రెండు లక్షలూ మా బండికి ఇంజన్ కన్నా ఎక్కువ మేలు చేశాయని నిస్సందేహంగా చెప్పగలను.

ఇంత ఖచ్చితంగా చెప్పగలగడానికి ఆధారం ట్రాకులో చేతికిచ్చే టైము చీటీ. అందులో మొదటి 60 అడుగులకు, అంటే పద్దెనిమిది మీటర్ల పైచిలుకు దూరానికి పట్టిన కాలం విడిగా ఉంటుంది; చివరి గీత దగ్గరి వేగమూ విడిగా ఉంటుంది. చివరి వేగం ఇంజన్ శక్తిని చెబుతుంది, మొదటి 60 అడుగులు పట్టును చెబుతాయి. మొదట్లో పదో వంతు సెకను మిగిలితే చివర్లో దాదాపు ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు మిగులుతుంది. వేగం పెరిగినా కాలం తగ్గడం లేదంటే తరువాతి రూపాయి ఇంజన్ మీద పెట్టకూడదు. ఎంతమంది ఆ చీటీని జేబులో పెట్టుకుని మళ్లీ పెద్ద టర్బో గురించే మాట్లాడతారో చూస్తే బాధ కలుగుతుంది.

భద్రత ఖర్చులో బేరం ఆడకూడదు. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం ప్రకారం పావు మైలును 11.49 సెకన్లలో లేదా అంతకంటే త్వరగా దాటే పాత మోడలు కారుకు రోల్ బారు, అంటే సీటు వెనక నిలిపే గొట్టపు కమాను, 9.99 లేదా అంతకంటే త్వరగా దాటే కారుకు పూర్తి రోల్ కేజి తప్పనిసరి. మా కారు అంత వేగంగా పోదు. అయినా కేజి పెట్టించాను, ఎందుకంటే పాత చిన్న కారు పైకప్పు ఎంత పలచనిదో దాన్ని విప్పినవాడికి తెలుసు. కేజికి వాడే గొట్టం అతుకు లేనిదై ఉండాలి. కిటికీ ఊచలు చేసే వెల్డరు ఎంత మంచివాడైనా ఈ పని అతని చేతికి ఇవ్వకూడదు. హెల్మెట్ విషయంలోనూ అంతే. మోటారు సైకిలు హెల్మెట్‌ను మంటలో పరీక్షించరు, స్నెల్ సంస్థ ఎస్‌ఏ రకం గుర్తు ఉన్న హెల్మెట్‌ను పరీక్షిస్తారు. సీటు, బెల్టులు, నిప్పుకు తాళే దుస్తులు, ప్రమాదంలో కరెంటు ఆపే కిల్ స్విచ్చి, మంటలార్పే సిలిండరు, కేజి కలిపి లక్షా డెబ్బై ఐదు వేలు. నా భార్య ఈ బండి లెక్కల పుస్తకం మొత్తం చూసి, ప్రశ్న అడగకుండా టిక్కు పెట్టిన పేజీ ఇదొక్కటే.

ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, కొత్త వైరింగ్, ట్యూనింగ్ కలిపి లక్ష. ట్యూనింగ్‌కు డైనో, అంటే బండి శక్తిని కొలిచే యంత్రం, కావాలి. అందుకు మా ఊరివాళ్లు చెన్నైకో, బెంగళూరుకో, కోయంబత్తూరుకో పోవలసిందే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు ఉంది. మామూలు పెట్రోలుకు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి లెక్క అయితే, దీనికి 13.5 దగ్గర ఉంటుంది, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఈసీయూలో ఇంధనం లెక్క చెప్పే పాత మ్యాపును అలాగే ఉంచేస్తే ఇంజన్ పలచని మిశ్రమంతో వేడెక్కుతుంది. మన ఎండల లెక్క కూడా ఉంది. ఉదయం 25 డిగ్రీలలో ఉన్న గాలితో పోలిస్తే రేణిగుంట మధ్యాహ్నపు 42 డిగ్రీల గాలి ఐదు శాతానికి పైగా పలచన. పదిహేను సెకన్ల బండికి అది సుమారు పావు సెకను తేడా. డిసెంబరులో వచ్చిన కాలాన్ని మే నెలలో వచ్చిన దానితో పోల్చి బండి పాడైందని కంగారు పడనక్కరలేదు.

బండి రోడ్డు మీద నడవకూడదు కనుక ట్రాకుకు మోసుకుని పోవాలి. మాకు దగ్గరిది శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాసు రేసు ట్రాకు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వెళ్లి రావడానికి వెనక పలక దిగే లారీ బాడుగ, ప్రవేశ రుసుము, ఏటా తీసుకోవలసిన పోటీ లైసెన్సు, వైద్య పరీక్ష, పెట్రోలు, అదనపు షాఫ్టులు, క్లచ్ ప్లేట్లు, మనతో వచ్చే ఇద్దరు ముగ్గురి భోజనాలు, బస కలిపితే మొదటి ఏడాదికే లక్షన్నర పక్కన పెట్టుకోవాలి. పాత కారుతో సహా అంతా కూడితే ఎనిమిదిన్నర లక్షలు. టర్బో దారిలో అయితే, దాని శక్తికి విరిగే భాగాల ఖర్చు కూడా కలిసి పదమూడు, పద్నాలుగుకు పోతుంది. నేను దీనికి అప్పు చేయలేదు. నెలనెలా కట్టే చీటీ ఒకటి పాడుకుని, అది వచ్చినప్పుడే పెద్ద పనులు పెట్టుకున్నాను. వ్యక్తిగత రుణం తీసుకుని రేసు కారు కట్టడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను, వాయిదా తేదీ దగ్గర పడినకొద్దీ పని నాణ్యత తగ్గుతుంది.

కాలం లెక్కకు వస్తే, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, ఆదివారాలు పనిచేసేవాళ్లకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. చేతిలో పానా ఉన్న గంటలు అందులో తక్కువ. ఎక్కువ భాగం ఎదురుచూపు. లేతు షాపులో ట్రాక్టరు బ్లాకులు, బోరు బండ్ల క్రాంకులు ముందు వరసలో ఉంటాయి, వ్యవసాయం రోజుల్లో మన సరదా పని ముందుకు జరగదు, జరగమని అడగడమూ న్యాయం కాదు. బ్రహ్మోత్సవాల నాళ్లలో సగం షెడ్లు మూతపడతాయి. కస్టమ్స్ దగ్గర ఆగిన పార్శిలు ఎప్పుడు వస్తుందో చెప్పేవారుండరు. కేజి వెల్డింగ్ కాకుండా వైరింగ్ లాగలేము, వైరింగ్ కాకుండా ఇంజన్ స్టార్టు చేయలేము, ఇంజన్ రన్నింగ్‌లో కుదురుకోకుండా డైనో ఎక్కించలేము. ఒక పని ఆగితే దాని వెనక ఉన్నవన్నీ ఆగుతాయి. అందువల్ల ఎక్కువ కాలం పట్టే భాగాలకు, అంటే కేజికి, డిఫరెన్షియల్‌కు, పిస్టన్లకు కారు కొన్న నెలలోనే ఆర్డరు ఇచ్చి, వాటి కోసం చూస్తూ విప్పే పని, తుప్పు తీసే పని చేసుకోవడం ఉత్తమం. బండి మొదటిసారి ట్రాకెక్కిన తరువాత కూడా ఒక ఏడాది సర్దుబాట్లకే పోతుందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

రెండు, మూడు లక్షలు మాత్రమే ఉన్నవారు ఆగిపోవలసిన పని లేదు. ఇంజన్‌ను ముట్టుకోకుండా బరువు తీసి, మంచి టైర్లు వేసి, సీటు, బెల్టులు, హెల్మెట్ కొనుక్కుని, నిబంధనల్లో తక్కువ మార్పులున్న తరగతిలో దిగవచ్చు. లైట్ల వరసలో మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వెలిగి పచ్చ వచ్చే ఆ కొద్ది క్షణంలో క్లచ్ మీది కాలు ఎప్పుడు వదలాలో నేర్చుకోవడానికి 85 హార్స్ పవర్ చాలు. ఎదుటి కారు మనకంటే పదో వంతు సెకను వేగమైనదైనా, దాన్ని నడిపేవాడు రెండు పదో వంతులు ఆలస్యంగా కదిలితే ముందు గీత దాటేది మనమే.

అమ్మితే ఎంత వస్తుందని కూడా అడుగుతారు. మొత్తంగా అమ్మితే పెట్టిన దానిలో సగం రావడం కూడా కష్టం, ఎందుకంటే మన కొలతకు కట్టిన బండి ఇంకొకరికి సరిపోదు. విడదీసి అమ్మితే డిఫరెన్షియల్, ఈసీయూ, చక్రాలు, సీటు మంచి వెలకే పోతాయి. బెల్టుల మీద గడువు తేదీ ఉంటుంది కనుక వాటికి వెల రాదు. కేజి బాడీతో పాటు తూకానికే పోతుంది. లేతు, వెల్డింగ్, ట్యూనింగ్ కూలీలు తిరిగి రావు. కాబట్టి మొదటి రోజు నుంచే ప్రతి భాగం బిల్లు, డబ్బా, ఫోటో జాగ్రత్త చేయండి. బిల్లు ఉన్న వాడిన ఈసీయూకు, బిల్లు లేని దానికి మధ్య కొనేవాడు ఇచ్చే వెలలో పదివేల తేడా సులువుగా ఉంటుంది.